ఊడిరాని మాయ

బిడ్డ పుట్టగానే కాన్పు ముగిసిందని ఇంటివారు సంతోషిస్తారు. పూర్వకాలపు మంత్రసాని మాత్రం అప్పుడే సంతోషించేది కాదు. బిడ్డను పక్కనున్నవారి చేతికిచ్చి, తల్లి పొత్తికడుపుపై చేయి ఉంచి, మరొకదానికోసం కనిపెట్టుకొని ఉండేది. అది బయటపడి, దానిని విప్పి చూచి, తునకలేవీ లోపల మిగిలిపోలేదని తేల్చుకొన్న తరువాతనే ఆమెకు ఊపిరి ఆడేది. ఆ రెండవదానినే మనం మాయ అంటాము. కొన్ని ప్రాంతాలలో మావి అంటారు. పాఠ్యపుస్తకాలలో దాని పేరు జరాయువు.

మాయ రాకపోవడమనే ఆపద కొత్తది కాదు. ఆయుర్వేద గ్రంథాలు మాయను 'అపర' అని పేర్కొన్నాయి. చరకసంహితలోను, సుశ్రుతసంహితలోను అపర పడకపోతే చేయవలసిన ఉపాయాలున్నాయి. వాటిలో ఒకటి విచిత్రంగా తోస్తుంది: జడకొసతో బాలింత గొంతును తాకించడం. వెంట్రుకలు గొంతుకు తగిలితే వోకరింపు వస్తుంది, వోకరింపుతో పొట్ట కండరాలు బిగుస్తాయి, ఆ బిగువుకు అప్పటికే ఊడి ఉన్న మాయ జారిపడుతుంది. మన దేశపు పల్లెలలో మంత్రసానులు ఇటీవలివరకు చేస్తూ వచ్చింది ఇదే. అయితే ఇక్కడ 'అప్పటికే ఊడి ఉన్న' అన్నమాట ముఖ్యం. ఊడిన మాయ పడడానికి ఈ ఉపాయం పనికివస్తుంది. అసలు ఊడనే ఊడని మాయ ఒకటి ఉన్నది. దానికి జడకొస గాని, బొడ్డుతాడు పట్టి లాగడం గాని పనిచేయదు సరికదా, లాగినకొద్దీ ప్రాణంమీదికి వస్తుంది. ఒకప్పుడు వైద్యులు తమ జీవితకాలంలో ఒకసారి చూస్తే చూచినట్లు, లేకుంటే లేదు అన్నంత అరుదుగా ఉండిన ఈ స్థితి గత 70, 80 సంవత్సరాలలో ఎన్నో రెట్లు పెరిగింది. ఎందుకు పెరిగిందన్నది ఒక శస్త్రచికిత్స చరిత్రతో పెనవేసుకొన్న కథ. ఆ కథలో తెలంగాణకు, అందులోను సంగారెడ్డి, పటాన్‌చెరు వంటి ప్రాంతాలకు, కోరుకోని ప్రాముఖ్యం కలిగింది.

ముందుగా మాయ సంగతి. నెలలు నిండేసరికి అది అరకిలో బరువు, జానెడు వెడల్పు కలిగిన గుండ్రని దళసరి బిళ్ల. ఒకవైపు నునుపుగా ఉండి బొడ్డుతాడు దానినుంచి బయలుదేరుతుంది. రెండవవైపు ఎర్రగా, గరుకుగా, తమ్మెలు తమ్మెలుగా ఉండి గర్భసంచి గోడను అంటిపెట్టుకొని ఉంటుంది. తల్లి రక్తమే బిడ్డలోకి పారుతుందని చాలాకాలం అనుకొన్నారు. 1754లో లండన్ నగరంలో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు, గర్భంతో మరణించిన స్త్రీ రక్తనాళాలలోకి కరిగించిన మైనం ఎక్కించి చూచాడు. మైనం తల్లివైపు నాళాలను, మాయలోని గదులను నింపింది గాని బిడ్డ నాళాలలోకి పోలేదు. తల్లి రక్తం వేరు, బిడ్డ రక్తం వేరు. రెండింటికి మధ్య పలుచని తెర ఉన్నదని ఆ విధంగా తేలింది. బిడ్డవైపునుంచి చెట్టువేళ్లవంటి సన్నని పోగులు తల్లి రక్తపు మడుగులో మునిగి ఉంటాయి. ఆహారం, ప్రాణవాయువు ఆ పోగుల గోడల గుండా బిడ్డకు అందుతాయి. మలినాలు అదే దారిన వెనుకకు వస్తాయి.

వేళ్లు నేలలో పాతుకొన్నట్లు ఈ పోగులు గర్భసంచిలో పాతుకొంటే ఇక మాయ ఊడిరావడమెట్లా? ఇక్కడ ప్రకృతి ఒక మంచి ఏర్పాటు చేసింది. పెనానికి నూనె రాసి అట్టు పోస్తే అది సులువుగా లేచివస్తుంది. నూనె రాయని పెనంమీద పోస్తే మాడి పట్టుకొంటుంది, గీకితే పెనం గీరుకుపోతుంది. గర్భసంచి కండరానికి, మాయకు నడుమ అటువంటి నూనెపొర ఒకటి ఉన్నది. గర్భం నిలిచిన తరువాత గర్భసంచి లోపలి పొర మెత్తగా, దళసరిగా మారి మాయకు పరుపవుతుంది. పోగులు ఈ పరుపువరకే వచ్చి ఆగుతాయి. బిడ్డ బయటికి రాగానే గర్భసంచి ముడుచుకొంటుంది. ముడుచుకోలేని మాయ ఈ పరుపు వద్ద విడివడుతుంది.

అది విడివడిన చోట ఏమవుతుంది? నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 600 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం పోతూ ఉంటుంది. నిండుగర్భిణి ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు 6 లీటర్లు. అంటే తెరచిన కుళాయివలె వదిలివేస్తే పది నిమిషాలలో అంతా పోవడానికి చాలు. అలా పోకుండా కాపాడేది గర్భసంచి కండరమే. దాని పోగులు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా అల్లుకొని ఉంటాయి. రక్తనాళాలు ఆ అల్లిక కన్నులగుండా వస్తాయి. కండరం బిగియగానే ప్రతి నాళానికి ఒక ఉరి బిగిసినట్లవుతుంది. ఇంత పెద్ద గాయం కుట్లు లేకుండా, కట్టు లేకుండా తనంతట తానే మూసుకొనడం శరీరంలో మరెక్కడా కనిపించదు.

ఇప్పుడు ఆ నూనెపొర ఒకచోట లేదనుకోండి. పోగులు సరాసరి కండరాన్ని తాకుతాయి. బిడ్డ పుట్టినా మాయ ఊడదు. కొంత ఊడి కొంత ఊడకపోతే మరీ ప్రమాదం. ఊడినచోట నాళాలు తెరుచుకొని ఉంటాయి, అంటుకొన్న భాగం అడ్డుపడడంవల్ల గర్భసంచి బిగియలేదు. ఈ స్థితిని వైద్యులు ప్లాసెంటా అక్రీటా అంటారు. పోగులు కండరం లోపలికి చొచ్చుకొంటే ఇంక్రీటా. కండరాన్ని దాటి గర్భసంచి పైపొరకు, ఒక్కొక్కప్పుడు పక్కనే ఉన్న మూత్రాశయానికి కూడ పాకితే పెర్క్రీటా. మూడు మెట్లు ఒకే జబ్బువి గనుక 2018లో అంతర్జాతీయ ప్రసూతివైద్యుల సమాఖ్య వీటన్నిటికి కలిపి ఒకే పేరు పెట్టి, ఒకే తీరున వర్గీకరించాలని మార్గదర్శకాలు వెలువరించింది.

ఇక పరుపులేని చోటు ఎట్లా ఏర్పడుతుందన్న ప్రశ్నకు జవాబు కొరకు సిజేరియన్ ఆపరేషన్ కథ చెప్పుకోవలసి ఉన్నది.

జూలియస్ సీజర్ తల్లి కడుపు కోసి పుట్టాడని, అందువల్ల ఆ పేరు వచ్చిందని బడిలో చెప్పే కథ నమ్మదగినది కాదు. ఆ రోజులలో చనిపోయిన లేక చావుబతుకులలో ఉన్న తల్లినుంచి బిడ్డను తీయడానికే కడుపు కోసేవారు. సీజర్ తల్లి అరేలియా మాత్రం కొడుకు పెద్దవాడై యుద్ధాలు గెలిచేదాకా జీవించి ఉన్నది. బతికిన తల్లికి కడుపు కోయాలంటే మూడు శత్రువులను జయించాలి: నొప్పి, చీము, రక్తస్రావం.

నొప్పిమీద పోరాటంలో హైదరాబాదు నగరానికి కూడ ఒక పేజీ ఉన్నది. 1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ కాన్పులకు క్లోరోఫారం వాడనారంభించాడు. అది ప్రాణానికి ముప్పు తెస్తుందా, తెస్తే గుండె ద్వారానా, శ్వాస ద్వారానా అన్న వివాదం నలభై ఏళ్లు నడిచింది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా ఉండిన ఎడ్వర్డ్ లారీ, నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన ధనంతో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు నడిపి జంతువులపై వందలకొద్దీ పరీక్షలు చేయించాడు. శ్వాసను గమనిస్తూ ఉంటే చాలు, గుండెకు భయం లేదని ఆ కమిషన్లు తేల్చాయి. ఆ తీర్మానం తప్పని తరువాత రుజువయింది. అయినా ఆ కాలంలో హైదరాబాదు వైద్య పాఠశాలలో చదువుకొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందు ఇవ్వడమే వృత్తిగా చేపట్టిన తొలి మహిళలలో ఒకరుగా పేరు పొందింది. కమిషన్ తీర్పు చెదిరిపోయినా ఆ చదువు నిలిచింది.

మూడవ శత్రువు అన్నిటికంటె మొండిది. 19వ శతాబ్దం నడిమివరకు బిడ్డను తీసిన తరువాత గర్భసంచిని కుట్టేవారు కాదు! అది తనంతట తానే ముడుచుకొంటుందని, కుట్లు చీము పట్టిస్తాయని నమ్మేవారు. కడుపును మాత్రం కుట్టి మూసేవారు. తల్లులలో ఎక్కువమంది లోలోపల రక్తం కారో, చీము పట్టో మరణించేవారు. ఇటలీలోని పావియా నగరంలో ఎడ్వార్డో పోర్రో అనే వైద్యుడు దీనికొక కఠినమైన మార్గం కనిపెట్టాడు. రక్తం కారేది గర్భసంచినుంచి, చీము పట్టేది గర్భసంచికి. అటువంటప్పుడు బిడ్డతోపాటు గర్భసంచిని కూడ తీసివేస్తే? 1876 మే 21వ తేదీన జూలియా కవల్లిని అనే పొట్టి స్త్రీకి, కటివలయం మరీ ఇరుకై కాన్పు అసాధ్యమైనందున, ఆయన ఈ ఆపరేషన్ చేశాడు. తల్లీ బిడ్డా బతికారు. ఆ ఆసుపత్రిలో అంతకుముందు ఈ విధంగా కోసిన తల్లి బతికి బయటపడలేదు.

పోర్రో ఆపరేషన్ ఐరోపా అంతటా వ్యాపించింది. కాని స్త్రీకి గర్భసంచి పోయేది. 1882లో జర్మనీకి చెందిన మాక్స్ సాంగర్ గర్భసంచిని తీయనక్కరలేదని, వెండితీగతోను పట్టుదారంతోను పొరపొరగా జాగ్రత్తగా కుడితే చాలునని చూపించాడు. చూడడానికి ఇది చిన్న మార్పు. దీనివల్ల తల్లికి ప్రాణమూ దక్కింది, మళ్ళీ తల్లి కాగల అవకాశమూ దక్కింది. తరువాత 1920లనుంచి గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ కోతను గర్భసంచి పై భాగంనుంచి పలుచగా ఉండే కింది భాగానికి, అడ్డంగా, మార్చాలని వాదించాడు. అక్కడ రక్తం తక్కువ కారుతుంది, గాయం గట్టిగా మానుతుంది. ఈనాడు సంగారెడ్డిలో చేసినా, సింగపూరులో చేసినా సిజేరియన్ కోత సాధారణంగా ఆ కింది భాగంలోనే.

సాంగర్ కుట్టు గర్భసంచిని మిగిల్చింది. మిగిలిన గర్భసంచిలో ఒక మచ్చ కూడ మిగిలింది. చర్మంమీది మచ్చ కంటికి కనిపిస్తుంది. ఈ మచ్చ కనిపించదు, నొప్పి పెట్టదు. తరువాతి కాన్పు వచ్చినప్పుడే దాని సంగతి. ఆ మచ్చవద్ద లోపలి పొర సరిగా తిరిగి పెరగదు. పరుపు కావలసినచోట పీచుకణజాలం, పలుచబడిన కండరం ఉంటాయి. తరువాతి గర్భంలో పిండం అక్కడ నాటుకొంటే అడ్డుపొర లేనందున పోగులు లోపలికి పోతాయి. పోగులకే ఏదో దూకుడు స్వభావం పుట్టుకువస్తుందని కొంతకాలం అనుకొన్నారు. దొంగ బలవంతుడు కాదు, గోడకే కన్నం ఉన్నదని ఇటీవలి పరిశోధకులలో ఎక్కువమంది అభిప్రాయం.

కింది భాగపు కోత మరొక చిక్కు తెచ్చింది. కొందరికి మాయ పైన కాక, గర్భసంచి ముఖద్వారాన్ని కప్పుతూ అడుగున ఏర్పడుతుంది. దీనిని ప్లాసెంటా ప్రీవియా అంటారు, అడుగుమాయ అనవచ్చు. సిజేరియన్ మచ్చ ఉండేది కూడ ఆ దరిదాపులలోనే. కనుక మచ్చ ఉన్న స్త్రీకి అడుగుమాయ వచ్చిందంటే మాయ సరిగ్గా మచ్చపైననే కూర్చున్నదన్న అనుమానం కలుగుతుంది.

చరిత్రలో ఈ మలుపు అంకెలలో చక్కగా కనిపిస్తుంది. 1937లో బోస్టన్ నగరంలో ఫ్రెడరిక్ ఇర్వింగ్, ఆర్థర్ హెర్టిగ్ అనే ఇద్దరు అంటుకొన్న మాయ కేసులను కూర్చి ఒక వ్యాసం ప్రకటించారు. పరుపుపొర లేకపోవడమే ఈ జబ్బు లక్షణమని సూక్ష్మదర్శినితో చూచి నిర్వచించినది వారే. (ఈ హెర్టిగే తరువాత మానవపిండపు తొలిదినాల నమూనాలను సేకరించి పేరు పొందాడు.) వారు చూచిన స్త్రీలలో ముందు సిజేరియన్ జరిగినవారు దాదాపు లేరు. ఆ రోజులలో సిజేరియన్లే తక్కువ. అప్పట్లో గర్భసంచి గీకించుకొనడం, వెనుకటి కాన్పులో మాయను చేతితో పెరికి తీయడం వంటివే కారణాలుగా కనిపించేవి. ఆ కాలపు లెక్కల ప్రకారం సుమారు 30 వేల కాన్పులలో ఒకటి ఇట్లా అయ్యేది. అమెరికాలోనే 1980ల, 90ల నాటి ఒక అధ్యయనంలో అది 2,510 కాన్పులకు ఒకటి. చికాగోలో 1982 నుంచి 2002 వరకు తీసిన మరొక లెక్కలో 533కు ఒకటి. లెక్కించే పద్ధతులలో భేదాలున్నా దిశ విషయంలో సందేహానికి తావులేదు.

1916లో న్యూయార్కు వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్ ఒకసారి సిజేరియన్ అయితే ఆపై ప్రతిసారీ సిజేరియనే అని హెచ్చరించాడు. ఆ మాట తరువాత నియమంగా మారి, మొదటి కాన్పు కోత అయితే రెండవది కూడ కోతే అనే పద్ధతి స్థిరపడింది. నిజానికి క్రాగిన్ ఉద్దేశం వేరు. మొదటి కోత పెట్టేముందు బాగా ఆలోచించండి, దాని బరువు ముందు ముందు మోయాలి అని ఆయన చెప్పదలచాడు. సగం మాట నిలిచి సగం మాట మరుగున పడిపోయింది.

ఆ బరువెంతో 2006లో అమెరికాలో 30 వేల పైచిలుకు సిజేరియన్లను పరిశీలించి రాబర్ట్ సిల్వర్, ఆయన సహచరులు చెప్పారు. అడుగుమాయ ఉన్న స్త్రీలలో, మొదటి సిజేరియన్ చేయించుకొంటున్నవారిలో 3 శాతానికి మాయ అంటుకొని ఉన్నది. రెండవ సిజేరియన్ అయితే 11 శాతం, మూడవది అయితే 40, నాలుగవది అయితే 61, ఐదవది అయితే 67 శాతం. అడుగుమాయ లేనివారిలో ఐదవ ఆపరేషన్ వరకు కూడ ఇది 1 శాతం లోపే. అంటే కోత ఒక్కటే కాదు, అడుగుమాయ ఒక్కటే కాదు. రెండూ కలిసినప్పుడే అసలు ప్రమాదం. తరగతి గదిలో సంభావ్యత బోధించే ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు తెలంగాణ సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో రాష్ట్రంలో నూటికి 57.7 కాన్పులు సిజేరియన్‌తో జరిగాయి. 2019-21 సర్వేలో అది 60.7కు చేరింది, దేశంలోని రాష్ట్రాలన్నిటిలోను ఇదే ఎక్కువ. దేశపు సగటు 21.5. ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం, ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం. 10 శాతం దాటిన తరువాత సిజేరియన్లు పెరిగినంతమాత్రాన తల్లుల మరణాలు, శిశువుల మరణాలు తగ్గినట్లు కనబడలేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇది దేశాల జనాభాకు చెప్పిన మాటే గాని, ఒక్కొక్క తల్లికి చెప్పినది కాదు. అవసరమైన సిజేరియన్ ప్రాణదాత; బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, అడుగుమాయ ద్వారాన్ని మూసినప్పుడు అది లేకుంటే గతి లేదు.

ఇన్ని సిజేరియన్లు ఎందుకన్నదానికి ఒక్క కారణం లేదు. నొప్పులకు భయపడేవారున్నారు. మంచి ముహూర్తానికి బిడ్డ పుట్టాలని పంచాంగం పట్టుకొని వచ్చేవారున్నారు. నక్షత్రం చూచి పుట్టిన బిడ్డ అదృష్టం ఎవరు కొలిచారో గాని, ఆ ముహూర్తానికి పెట్టిన మచ్చ తల్లికి జీవితాంతం ఉంటుంది. రాత్రింబవళ్లు కనిపెట్టుకొని ఉండగల శిక్షణ పొందిన మంత్రసానులు లేకపోవడం, వ్యాజ్యాల భయం, ఆసుపత్రి ఆదాయం, ఇవన్నీ ఉన్నాయి. అన్నిటికంటె పెద్దది మొదటి కోత రెండవ కోతను పిలవడం.

సంగారెడ్డి పాత మెదక్ జిల్లాకు ముఖ్యపట్టణం. 2016 అక్టోబరులో తానే ఒక జిల్లా అయింది. హైదరాబాదునుంచి ముంబయి వైపు పోయే రహదారి మీద రామచంద్రాపురం, పటాన్‌చెరు, అక్కడినుంచి పాశమైలారం, సంగారెడ్డి వరుసగా వస్తాయి. 1960ల దశకంలో రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వెలసింది. 1970లనుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారాలలో పారిశ్రామికవాడలు ఏర్పడి మందుల కర్మాగారాలు, రసాయనాల కర్మాగారాలు వందలు లేచాయి. నక్కవాగు నీరు రంగు మారింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఇటువంటిచోట కాన్పులో ఏ కష్టం వచ్చినా జనం నీటిని, గాలిని తప్పుపట్టడం సహజమే. అంటుకొన్న మాయ విషయంలో మాత్రం వైద్యశాస్త్రం గుర్తించిన ముఖ్య కారణాలు ముందు కోత, అడుగుమాయ, గర్భసంచి లోపల జరిగిన ఇతర శస్త్రచికిత్సలు, తల్లి వయసు పెరగడం. వీటిలో కాలుష్యం లేదు. నక్కవాగు చేసిన కీడు లెక్కకు చాలానే ఉన్నది. లేనిదానిని కూడ దానిమీద వేయనక్కరలేదు.

ఈ ప్రాంతానికి ఉన్న అసలు చిక్కు దూరం. సంగారెడ్డినుంచి హైదరాబాదు నడిబొడ్డుకు సుమారు 60 కిలోమీటర్లు, పటాన్‌చెరునుంచి 30. 2005లో మొదలైన 108 అంబులెన్సు వచ్చినా, లారీలతో నిండిన ఆ రహదారిమీద సంగారెడ్డినుంచి గంటకు తక్కువ పట్టదు. నిమిషానికి 600 మిల్లీలీటర్ల లెక్క మరొకసారి గుర్తుచేసుకోండి. సంగారెడ్డిలో జిల్లా ఆసుపత్రి ఉన్నది, 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది; పటాన్‌చెరులో ప్రాంతీయ ఆసుపత్రి, రామచంద్రాపురంలో కార్మికుల ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నాయి. మామూలు కాన్పులకు, మామూలు సిజేరియన్లకు ఇవి చాలు. కాని పెర్క్రీటా ఆపరేషనుకు ప్రసూతి వైద్యులతోపాటు అనుభవంగల మత్తువైద్యులు, మూత్రకోశ శస్త్రవైద్యులు, పసిబిడ్డల వైద్యులు, పది పదిహేను సీసాల రక్తం ఒకేచోట సిద్ధంగా ఉండాలి. రాష్ట్రంలో గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులని అదే సర్వే చెబుతున్నది. నిండుగా ఉన్న కుండకు, సగం కుండకు పడిన చిల్లు ఒకటి కాదు.

ఇంత సిజేరియన్లున్నా అంటుకొన్న మాయ ప్రతి ఊరిలోను కనిపించకపోవడానికి కూడ ఒక కారణం ఉన్నది. తెలంగాణలో సగటున ఒక్కొక్క స్త్రీకి ఇద్దరు పిల్లలకు మించడంలేదు. రెండవ సిజేరియన్‌తోపాటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకొనేవారు చాలామంది. సిల్వర్ లెక్కలో 11నుంచి 40కి దూకే మూడవ మెట్టు ఎక్కేవారు తక్కువ. చిన్న కుటుంబం ఈ విధంగా, ఎవరూ తలపెట్టకుండానే, ఒక రక్షణ అయింది. ఆ రక్షణ అందరికీ లేదు. పారిశ్రామికవాడలకు ఒడిశానుంచి, బీహారునుంచి, ఉత్తరప్రదేశ్‌నుంచి కుటుంబాలతో వచ్చేవారిలో మూడవ, నాలుగవ కాన్పులు అరుదు కాదు. మొదటి ఆపరేషన్ ఒక రాష్ట్రంలో, రెండవది మరొక రాష్ట్రంలో జరిగి, కాగితాలు పాత అద్దెయింటిలోనే ఉండిపోతే, ఎదుటనున్న డాక్టరుకు కనిపించేది పొట్టమీది గీత ఒక్కటే. కోత ఎన్నిసార్లు పెట్టారో, లోపల ఏ దిక్కున పెట్టారో ఆ గీత చెప్పదు.

అదృష్టవశాత్తు, ఈ జబ్బును ముందుగా పసిగట్టే సాధనం ఇప్పుడున్నది. దాని పుట్టుక కూడ ఒక కర్మాగారంలోనే. 1955లో గ్లాస్గో ప్రసూతి ఆచార్యుడు ఇయాన్ డొనాల్డ్ శస్త్రచికిత్సలో తీసిన కంతులను మోటారుకారులో వేసుకొని దగ్గరలోని బాయిలర్ల కర్మాగారానికి పోయాడు. అక్కడ ఉక్కు అతుకులలో పగుళ్లను కనిపెట్టడానికి చెవికి వినబడని ధ్వనితరంగాలు పంపి ప్రతిధ్వనిని చూచే యంత్రం ఉండేది. ఉక్కులో పగులు కనిపించినట్లే కంతిలో నీరున్నదీ, గట్టి మాంసమున్నదీ వేరువేరుగా కనిపించింది. ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మాక్‌వికార్‌లతో కలిసి ఆయన 1958లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన వ్యాసంతో గర్భిణుల స్కానింగు మొదలయింది. భారీ పరిశ్రమలలో నేటికీ అతుకులను ఈ పద్ధతిలోనే పరీక్షిస్తారు.

ముందు సిజేరియన్ అయిన గర్భిణికి 18 - 20 వారాల స్కానింగులో మాయ ఎక్కడ ఉన్నదో చూస్తారు. అడుగున, ముందువైపు, మచ్చ దగ్గర ఉన్నదంటే మరింత నిదానించి చూస్తారు. మాయ వెనుక నల్లని గీతగా కనిపించవలసిన పరుపు చెరిగిపోవడం, మాయలో రక్తపు గుంటలు పురుగు తొలిచిన కాయవలె కనబడడం, మూత్రాశయం సరిహద్దు తెగిపోవడం, ఇవి గుర్తులు. మరీ తొలిదశలో, ఆరేడు వారాలప్పుడే, పిండం మచ్చలో నాటుకొన్నట్లు తెలిస్తే ఆ గర్భం సంగతి అప్పుడే ఆలోచించవచ్చు.

జబ్బు తేలితే నెలలు నిండేదాకా ఆగరు. 34, 35 వారాల మధ్య, పగటిపూట, రక్తం సిద్ధం చేసుకొని పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తారు. మాయ ఉన్నచోటు తప్పించి కోత పెట్టి బిడ్డను తీస్తారు. ఆ తరువాత మాయను ముట్టుకోరు. దానిని అట్లాగే లోపల ఉంచి, గర్భసంచితోపాటు తీసివేస్తారు. ఇది పోర్రో 1876లో జూలియా కవల్లినికి చేసిన ఆపరేషన్ వంటిదే. సాంగర్ కుట్టుతో అక్కర తీరిపోయిందనుకొన్న పద్ధతి ఆ కుట్టు మిగిల్చిన మచ్చ కారణంగానే మళ్ళీ వచ్చింది. మరల బిడ్డ కావాలనుకొనే స్త్రీలకు మాయను లోపలే వదిలి, అది నెలల తరబడి తనంతట కరిగిపోయేవరకు కనిపెట్టుకొని ఉండే పద్ధతిని ఫ్రాన్సు వైద్యులు అనుసరించారు. దానిలో చీము, ఆలస్యపు రక్తస్రావం భయాలున్నాయి. ఆసుపత్రికి దూరంగా ఉండేవారికి అది తగినది కాదు.

2018-20 లెక్కలలో తెలంగాణలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 43. దేశపు సగటు 97. ఆసుపత్రి కాన్పులు, రక్తనిధులు, అంబులెన్సులు సాధించిన ఘనత ఇది. సిజేరియన్లలో మొదటి స్థానం, మరణాలు తక్కువగా ఉన్న రాష్ట్రాలలో చోటు, రెండూ ఒకే రాష్ట్రానివి కావడంవల్ల ఒకదానికొకటి కారణమని కొందరు వాదిస్తారు. కేరళ ఆ వాదాన్ని నిలవనీయదు: అదే కాలంలో అక్కడి మరణాలు 19, సిజేరియన్లు మాత్రం తెలంగాణకంటె ఎంతో తక్కువ.

2017లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్ సహకారంతో ప్రభుత్వ నర్సులకు కాన్పుల నిర్వహణలో ప్రత్యేక శిక్షణ కరీంనగర్‌లో మొదలుపెట్టింది. మంత్రసాని అన్న పాత మాటకు బదులు మిడ్‌వైఫ్ అంటున్నారు. నొప్పుల వేళ గర్భిణి పక్కన ఉండడం, నడిపించడం, తొందరపడకుండా ఉండడం, ఎప్పుడు డాక్టరును పిలవాలో తెలుసుకోవడం వారికి నేర్పుతారు. ఆసుపత్రికి వచ్చిన ప్రతి గర్భిణిని వెనుకటి కాన్పు ఎక్కడయింది, ఎట్లా అయింది, కాగితముందా అని అడిగి రాసుకొంటారు. బిడ్డ పుట్టిన తరువాత మాయను పళ్లెంలో పరచి, తమ్మెలన్నీ ఉన్నాయో లేవో వేలితో తడిమి చూచి, ఆ సంగతి కూడ కేసు కాగితంలో రాస్తారు.